అపాచీకి వన్స్‌మోర్

1993 వేసవి సెలవులు నేను కాకినాడలో మా మేనత్తగారింట్లో గడిపాను. ఆ యేడాదే వాళ్ళ వీధికి కేబుల్ టీవీ వచ్చింది. కరెంటు స్తంభాల మీదుగా, పెరటి కొబ్బరిచెట్టు మట్టల మధ్యనుంచి ఒక నల్లటి తీగ మేడ మీది గదిలోకి దిగింది. అంతవరకు దూరదర్శన్ ఒక్కటే ఎరిగిన ఆ ఇంట్లోకి స్టార్ వారి ఎంటీవీ అడుగు పెట్టింది. మధ్యాహ్నం భోజనాలై పెద్దవాళ్ళు నడుం వాల్చాక, బావా నేనూ గొంతు బాగా తగ్గించి ఆ ఛానల్ పెట్టుకొని కూర్చునేవాళ్ళం.

అట్లాంటి ఒక మధ్యాహ్నం తెర మీద మనిషి ముఖం చూసి ఇద్దరం లేచి కూర్చున్నాం. అది మన ముఖం. మన రంగు, మన ముక్కు తీరు. కానీ నోట్లోంచి వస్తున్న ఇంగ్లీషు మేము అంతవరకు విన్న ఏ ఇంగ్లీషూ కాదు. పాట అనడానికి రాగం తక్కువ, మాట అనడానికి లయ ఎక్కువ. కింద డ్రమ్ము ఒకచోట పడవలసింది అరక్షణం ఆగి పడుతోంది. ఆ ఇంగ్లీషు మధ్యలో ఉన్నట్టుండి 'రోటీ' అన్న మాట వినిపించింది. ఆ తరువాత 'జలంధర్'. తనకు జలంధర్ పిల్ల కావాలనీ, అమ్మానాన్నలు కుదిర్చిన పెళ్ళే కావాలనీ అతను అడుగుతున్నాడు. పాట పేరు 'అరేంజ్డ్ మ్యారేజ్'. పాడినవాడి పేరు తెర అడుగున ఒక్క క్షణం నిలిచి పోయింది: అపాచీ ఇండియన్.

ఆ పాట ఇంగ్లండులో ఎక్కువగా అమ్ముడయ్యే పాటల జాబితాలో ఆ జనవరిలోనే 16వ స్థానం దాకా వెళ్ళిందని మాకు చాలా యేళ్ళకు గాని తెలియలేదు. తెలిసినా పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు. మమ్మల్ని పట్టుకున్నది వేరే సంగతి. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు మధ్యన పడినవాణ్ణి. తరగతిలో లేచి రెండు వాక్యాలు చదవమంటే నాలుక మడతపడేది. వెనుక బెంచీల నుంచి నవ్వులు వినపడేవి. ఇంగ్లీషు మాట్లాడాలంటే ముందు మన ఇంటి మాటను గడప అవతల విడిచి రావాలని నాకు అప్పటికి గట్టిగా నాటుకుపోయింది. ఈ మనిషి ఇంటి మాటను, వంటింటి మాటను, పెళ్ళిపందిరి మాటను చేతబట్టుకొని నేరుగా ఇంగ్లీషులోకి నడిచి వచ్చాడు. దానికి వివరణ ఇవ్వలేదు, క్షమాపణా అడగలేదు. ఆ మధ్యాహ్నం నా లోపల ఏదో ముడి వదులైంది.

బావ నాలుగు రోజులు తిరిగి మెయిన్ రోడ్డులో ఆ క్యాసెట్టు సంపాదించాడు. అది 'నో రిజర్వేషన్స్' అనే ఆల్బం. దానికోసం మేమొక రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు కేటాయించాం. టేపురికార్డరు మీట నొక్కడం, నాలుగు మాటలు వినడం, ఆపడం, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకోవడం, వెనక్కి తిప్పి మళ్ళీ వినడం: నెలరోజులు ఇదే పని. అర్థం ఎక్కడా పూర్తిగా అందలేదు. 'మీ వాంట్ గ్యాల్' అని రాసుకొని దాని ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టాం. 'సూర్నీ కూరీ' అని మరొకచోట రాసుకున్నాం. కూర గురించిన సంగతేమోనని బావ గట్టిగా వాదించాడు.

ఆ మాట విప్పినవాడు ఒక ధాబా వంటమనిషి. అన్నవరం వెళ్ళి వస్తుంటే, విజయవాడ విశాఖపట్నం రహదారి పక్కన పంజాబీ లారీ డ్రైవర్లు ఆగే ధాబా ఒకటి కనిపించింది. బావ బస్సు దిగి, నోటుబుక్కు తీసి, తందూరు దగ్గర నిలబడ్డ పెద్దాయనకు మా తెలుగు లిపిలోంచి ఆ ముక్క పైకి చదివి వినిపించాడు. ఆయన పిండి చేతులతోనే రెండుసార్లు చెప్పించుకొని, 'సోహణీ కుడీ' అని సరిదిద్ది, అందమైన పిల్ల అని తన వచ్చీరాని తెలుగులో చెప్పాడు. 'చోక్ దేర్' పాట గురించి అడిగితే, అది 'చక్ దే' అయి ఉంటుందనీ, ఎత్తు, ఊపందుకో అని ఉత్సాహపరిచే మాట అనీ చెబుతూ రెండు చేతులూ భుజాల పైకి లేపి చూపించాడు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఒకరు జమైకా యాసలో పాడిన పంజాబీ మాటను, తూర్పుగోదావరి రోడ్డు పక్కన ఒక పంజాబీ వంటవాడు ఇద్దరు తెలుగు పిల్లలకు విప్పి చెప్పడం ఎంత చిత్రమైన ప్రయాణమో ఆనాడు మాకు తట్టలేదు.

అపాచీ ఇండియన్‌ది జమైకా డీజేల బాణీ గనుక, ఇక్కడ డీజే అన్న మాట గురించి కాస్త చెప్పాలి. మన ఊళ్ళలో ఇప్పుడు డీజే అంటే పెళ్ళి ఊరేగింపుల్లో, వినాయక నిమజ్జనాల్లో వాహనం మీద పేర్చిన పెద్ద పెద్ద సౌండు బాక్సులు. రేడియోలో రికార్డులు వేసేవాడినీ అదే మాటతో పిలుస్తారు. జమైకాలో ఆ మాట అర్థం ఈ రెండూ కాదు. అక్కడ రికార్డు ఎంచి వేసేవాడు సెలెక్టర్. ఆ రికార్డు మీద మైకు పట్టుకొని లయకు తగ్గట్టు మాటలు అల్లేవాడు డీజే. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్‌లు ఊపందుకున్నాయి. బ్యాండు మేళాన్ని పిలిచే స్తోమత లేని జనం, ఖాళీ స్థలంలో పెద్ద స్పీకరు పెట్టెలు నిలబెట్టి, రికార్డులు వేసి ఆడుకునేవారు. పాటకూ పాటకూ నడుమ కౌంట్ మచూకీ వంటివారు మైకులో చెణుకులు విసిరేవారు. తరువాత పాటలోంచి గాయకుడి గొంతు తీసేసి, డ్రమ్ము, బేసు మాత్రం మిగిల్చిన 'వెర్షన్' రికార్డు వెనకవైపు రావడంతో ఆ చెణుకులకు విశాలమైన చోటు దొరికింది. కింగ్ టబీ సౌండ్ సిస్టమ్‌లో ఆరితేరిన యూ రాయ్ అనే డీజే, డ్యూక్ రీడ్ అనే నిర్మాత దగ్గర రికార్డు చేసిన మొదటి పాటలు 1970లో జమైకా జాబితా కొనను వరసగా ఆక్రమించాయి. డీజే అంటే నడుమ మాటలు కలిపేవాడు కాదనీ, తానే కళాకారుడనీ లోకం ఒప్పుకున్నది అప్పుడే.

ఆశుకవిత్వం ఎరిగిన మనకు ఇందులోని కష్టం త్వరగానే తెలుస్తుంది. రాత్రంతా ఒకే 'రిడిమ్' తిరుగుతూ ఉంటుంది. రిడిమ్ అంటే ఆ డ్రమ్ము, బేసు వరస. దాని మీద ఒక డీజే తరువాత ఒక డీజే వచ్చి అప్పటికప్పుడు పదం కట్టాలి. ముందు వచ్చినవాడి మాటను అందుకోవాలి, దాన్ని మించాలి, తాళం తప్పకూడదు. 1985లో కింగ్ జామీ అనే నిర్మాత దగ్గర వేన్ స్మిత్ పాడిన పాట ఒక చిన్న కాసియో కీబోర్డులో ముందే ఉన్న లయ మీద నడిచింది. ఆ దెబ్బతో డాన్స్‌హాల్ అనే ఈ జమైకా సంగీతంలోకి కంప్యూటరు ధ్వనులు వచ్చిపడ్డాయి. మేము కాకినాడ మేడ మీద విన్న ఆ అరక్షణం ఆగి పడే దెబ్బ ఆ వంశానికి చెందినదే.

2006లో ఉద్యోగరీత్యా నేను బర్మింగ్‌హామ్ వెళ్ళవలసి వచ్చింది. ఆఫీసుకు దగ్గరలో ఇల్లు చూసుకోమని సహోద్యోగులు చెప్పినా వినకుండా, హాండ్స్‌వర్త్‌లో సోహో రోడ్డు వెనుక ఒక గది అద్దెకు తీసుకున్నాను. కారణం ఎవరికీ చెప్పలేదు. అపాచీ ఇండియన్ అసలు పేరు స్టీవెన్ కపూర్. 1967 మే నెలలో ఆ హాండ్స్‌వర్త్‌లోనే పుట్టాడు. తల్లిదండ్రులు పంజాబు నుంచి వచ్చినవారు. సోహో రోడ్డు మీద నడిస్తే ఆయన పాట ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక పక్క గురు నానక్ నిష్కామ్ సేవక్ జథా గురుద్వారా, దాని తరువాత చీరలు, బంగారం, జిలేబీల కొట్లు. ఆ పక్కనే జమైకా రొట్టెల దుకాణం, మంగలి షాపు, యామ్ దుంపలు, పచ్చి అరటికాయలు పేర్చిన కూరగాయల బండి. ఆ యామ్ దుంపను మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు మా పెరటి పెండలం గుర్తొచ్చింది. ఒక కారు కిటికీలోంచి పంజాబీ భాంగ్రా, వెనుక కారులోంచి జమైకా రెగే. రెండూ ఎర్రదీపం దగ్గర కలిసి కాసేపు ఒకే పాటలా వినపడేవి.

అక్కడి చరిత్ర అంత తీయనిది కాదు. స్టీవెన్ కపూర్‌కు యేడాది నిండకముందే, 1968 ఏప్రిల్ 20న, బ్రిటిష్ రాజకీయ నాయకుడు ఇనాక్ పావెల్ అదే నగరంలో వలస వచ్చినవారి మీద విషం చిమ్ముతూ ప్రసంగించాడు. పక్క పట్టణం స్మెథిక్‌లో నల్లవారికీ భారతీయులకూ ఇళ్ళు అమ్మకుండా అడ్డుకునే ప్రయత్నాలు జరిగితే, 1965లో అమెరికా నల్లవారి నాయకుడు మాల్కం ఎక్స్ వచ్చి ఆ మార్షల్ వీధిలో నడిచి చూసి వెళ్ళాడు. 1985 సెప్టెంబరులో హాండ్స్‌వర్త్, లొజెల్స్ వీధులు తగలబడ్డాయి. పోస్టాఫీసు నడుపుతున్న ఇద్దరు ఆసియా అన్నదమ్ములు ఆ మంటల్లో చనిపోయారు. నల్లవారికీ ఆసియావారికీ పడదని రాసే చేతులకు ఆ రోజుల్లో పని తక్కువ కాలేదు. కాని ఆ వీధుల్లో పెరిగిన పిల్లలు ఒకే బడికి వెళ్ళారు, ఒకే సౌండ్ సిస్టమ్ ముందు నిలబడ్డారు. స్టీల్ పల్స్ అనే రెగే బృందం పుట్టింది అక్కడే, 1978లో వాళ్ళు తమ మొదటి ఆల్బంకు ఆ పేటనే పేరుగా పెట్టుకున్నారు. స్టీవెన్ కపూర్ వెల్డరుగా పనిచేస్తూ, జడలు పెంచుకొని, రాత్రిళ్ళు సౌండ్ సిస్టమ్‌లలో మైకు పట్టాడు. జమైకా యాసను ఆయన ఎక్కడినుంచో అరువు తెచ్చుకోలేదు. అది ఆయన ఆడుకున్న వీధి మాట. పంజాబీ ఆయన అన్నం తిన్న ఇంటి మాట. ఆయనది అనుకరణ అని కొట్టిపారేసినవాళ్ళను నేను అక్కడా చూశాను, ఇక్కడా చూశాను. ఆ వీధిలో నాలుగు నెలలు నడిచినవారు ఆ మాట అనలేరని నా నమ్మకం.

నేను అద్దెకున్న ఇంటి పక్కన ఒక జమైకా పెద్దాయన ఉండేవారు. లోహపు కర్మాగారంలో పనిచేసి విరమించారు. యౌవనంలో సొంతంగా ఒక చిన్న సౌండ్ సిస్టమ్ నడిపారు. నేను ఆయనను అంకుల్ అనేవాణ్ణి, ఆయన నన్ను కొడుకా అని పిలిచేవారు. ఆయన వెనక గదిలో దళసరి ప్లైవుడ్డుతో చేసిన రెండు స్పీకరు పెట్టెలు ఉండేవి. ఒక్కొక్కటీ మన ధాన్యపు గాదెంత. వాటి మూలలు వ్యాన్లో ఎక్కించీ దించీ అరిగి నున్నబడ్డాయి. వెనక పలక మీద ఆయన చేత్తో తెల్లరంగుతో రాసిన అంకెలు ఉన్నాయి. ఏది ఎటువైపు నిలబెట్టాలో, ఏ తీగ దేనికి తగిలించాలో ఆ అంకెలే చెబుతాయి. ఒక ఆదివారం పూట నన్ను పెట్టెకు ఎదురుగా నిలబెట్టి రికార్డు వేశారు. బేసు చెవికి వినపడలేదు. ముందు మోకాళ్ళలోకి వచ్చింది, తరువాత ఛాతీలోకి. చొక్కా గుండీ సన్నగా వణకడం కళ్ళారా చూశాను. పదమూడేళ్ళ కిందట మేము టీవీ గొంతు తగ్గించి విన్నది ఈ సంగీతంలో సగం కూడా కాదని అప్పుడర్థమైంది.

ఆయనే నాకు ఇంకొక సంగతి నేర్పారు. డీజే ఒక మంచి మాట అన్నాడనుకోండి, జనం కేకలు వేస్తారు, గోడల మీద, పెట్టెల మీద అరచేతులతో బాదుతారు. అప్పుడు సెలెక్టర్ రికార్డు మీది ముల్లు ఎత్తి, పాటను మళ్ళీ మొదటినుంచి వేయాలి. దాన్ని 'పుల్ అప్' అంటారు. డీజేకు అంతకుమించిన సన్మానం లేదట. వినగానే మా తాతగారు గుర్తొచ్చారు. పద్యనాటకంలో కృష్ణుడు పద్యం అందుకొని రాగం తీస్తే, చాప మీద కూర్చున్న జనం 'వన్స్‌మోర్' అని అరిచేవారనీ, రాయబారం సగంలో ఆపి ఆ నటుడు అదే పద్యం మళ్ళీ పాడేవాడనీ, కొన్ని రాత్రులు మూడుసార్లు పాడినా జనం వదిలేవారు కాదనీ ఆయన మురిసిపోతూ చెప్పేవారు. ఇది చెబితే అంకుల్ చాలాసేపు తల ఊపారు. ఆ తరువాత రోజునుంచి నన్ను చూసినప్పుడల్లా 'వన్స్‌మోర్' అని పలకరించేవారు.

అపాచీ అనే పేరు ఎక్కడిదో చెప్పిందీ ఆయనే. కింగ్‌స్టన్ డీజే సూపర్ క్యాట్‌కు 'వైల్డ్ అపాచీ' అనే బిరుదు ఉంది. స్టీవెన్ కపూర్ ఆయన మీది అభిమానంతో అపాచీ అని పెట్టుకొని, తన మూలాన్ని బట్టి ఇండియన్ అని చేర్చుకున్నాడు. ఆ సూపర్ క్యాట్ అసలు పేరు విలియం మరాగ్. 1963లో కింగ్‌స్టన్‌లో పుట్టిన ఆయన కూడా భారత సంతతివాడే. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, 1845 నుంచి 1917 దాకా సుమారు 36 వేల మంది భారతీయులను ఓడల్లో జమైకా చేర్చారు. ఎక్కువ మంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు రేవు నుంచి వెళ్ళారు. ఆ మద్రాసు ఓడల సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మారిషస్‌కూ బర్మాకూ ఫిజీకీ వెళ్ళిన మన తెలుగువారి కథలు వింటూ పెరిగాను. జమైకా నాకు వేరే లోకంగానే ఉండేది. ఒక భారతీయ సంతతి జమైకా డీజే బిరుదును హాండ్స్‌వర్త్ పంజాబీ కుర్రవాడు ఎత్తుకుంటే, ఆ గొంతు తీగ మీద కాకినాడ చేరింది. అది మన ముఖం అని బావా నేనూ లేచి కూర్చోవడంలో మేము అనుకున్నదానికంటే ఎక్కువ నిజమే ఉంది.

అపాచీ ఇండియన్ రికార్డుల ప్రయాణం 1990లో 'మూవీ ఓవర్ ఇండియా'తో మొదలైంది. పేరూ ఊరూ లేని తెల్ల లేబులుతో అచ్చయిన ఆ రికార్డును జెట్ స్టార్ అనే రెగే పంపిణీ సంస్థ అందుకుంది. రెగే వినేవాళ్ళూ, భాంగ్రా వినేవాళ్ళూ ఒకే రికార్డు కొనడం అప్పుడు కొత్త సంగతి. తరువాత ఐలండ్ రికార్డ్స్ ఆయనతో ఒప్పందం కుదుర్చుకుంది. బాబ్ మార్లీని లోకానికి చేర్చిన సంస్థ అది. 'నో రిజర్వేషన్స్' కొంత భాగం బర్మింగ్‌హామ్‌లో సైమన్, డైమండ్ దుగ్గల్ సోదరుల చేతుల మీదుగా, కొంత భాగం జమైకాలో బాబీ డిజిటల్, స్లై డన్‌బార్ వంటి ఉద్దండుల దగ్గర తయారైంది. 1993లో అది, బ్రిటన్‌లో ఉత్తమ ఆల్బంకు ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాలో నిలిచింది. అదే యేడు ఆగస్టులో 'బూమ్ షాకలాక్' ఇంగ్లండులో 5వ స్థానానికి ఎక్కింది. ఆ పాటనే ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నారు, సినిమాలూ ప్రకటనలూ దాన్నే వాడుకున్నాయి. నా మనసు మాత్రం ఆ ఆల్బంలోని తక్కువ వినపడే పాటల దగ్గరే ఆగుతుంది. ఎయిడ్స్ గురించి ఒక పాట, తాగుడు గురించి ఒక పాట అందులో ఉన్నాయి. ఆసియా కుటుంబాల్లో నోరెత్తని ఆ రెండు సంగతులను ఆయన డాన్స్‌హాల్ మైకులో బాహాటంగా మాట్లాడాడు. మా వీధిలోనూ తాగుడు వల్ల ఒక ఇల్లు కూలిపోవడం చూసినవాణ్ణి గనుక ఆ పాట నాకు నినాదంలా వినిపించలేదు, పొరుగింటి కబురులా వినిపించింది.

1996లో ఏ.ఆర్.రెహమాన్ 'లవ్ బర్డ్స్' అనే తమిళ చిత్రం కోసం ఆయనతో 'నో ప్రాబ్లమ్' పాడించాడు. ఆ క్యాసెట్టు కూడా బావ మద్రాసునుంచి తెప్పించాడు. ఆ తరువాత ఇంగ్లండు జాబితాల్లో ఆయన పేరు పలచబడింది. సంగీత వ్యాపారం వేరే రుచులకు మళ్ళింది. ఆయన మైకు దించలేదు, హాండ్స్‌వర్త్‌ను వదలలేదు. అక్కడి పిల్లలకు సంగీతం నేర్పే అకాడమీ తన పేరుతోనే నెలకొల్పాడు. సంగీతానికీ, యువతకూ చేసిన సేవకు బ్రిటిష్ ఎంపైర్ మెడల్ అందుకున్నాడు. నేనున్న రెండేళ్ళలో ఆయనను ఒక్కసారీ చూడలేదు. చూడలేదన్న బాధ ఎందుకో కలగలేదు. ఆయన వీధిలో రోజూ నడుస్తూనే ఉన్నాను కదా.

తిరిగి వచ్చేసే ముందు ఆదివారం అంకుల్ ఇంటికి వెళ్ళాను. ఆయన చెప్పకుండానే రికార్డుల పెట్టెలోంచి 'అరేంజ్డ్ మ్యారేజ్' రికార్డు తీసి, తొడుగు మీది దుమ్ము మోచేతితో తుడిచి, పళ్ళెం మీద పెట్టారు. నాకు ఏమనిపించిందో, ఫోను కార్డు గీరి కాకినాడకు కలిపాను. అక్కడ రాత్రి పదకొండు దాటింది. బావకు అప్పటికి ఇద్దరు పిల్లలు, వ్యాపారంలో నష్టమొచ్చి మాట కరువైన రోజులవి. "ఒరేయ్, ఇంత రాత్రప్పుడు ఏమిట్రా? అంతా బాగానే ఉందా?" అని కంగారుపడ్డాడు. "బాగానే ఉంది బావా, ఒక్క నిమిషం ఇది విను," అని ఫోనును స్పీకరు పెట్టెకు దూరంగా పట్టుకున్నాను. ముల్లు పడింది. బేసు నా మోకాళ్ళలోకి వచ్చింది.

నాలుగు వరసల దాకా అవతల నుంచి చప్పుడు లేదు. తరువాత ఫోనులోంచి సన్నగా, ఆ తరువాత గట్టిగా, బావ గొంతు లేచింది. ధాబా పెద్దాయన దిద్దినది దిద్దినట్టే ఉన్నా, బావ మాత్రం నోటుబుక్కులో మేము తప్పుగా రాసుకున్న మాటలే పాడుతున్నాడు. 'సూర్నీ కూరీ' అని ఆ పాత వాదనంత గట్టిగా అన్నాడు. తాళం ఒక్కచోట కూడా తప్పలేదు.

అంకుల్ నా చేతిలోని ఫోను వైపు చూశారు. అరచేత్తో ప్లైవుడ్డు పెట్టె మీద రెండుసార్లు బాదారు. వంగి ముల్లు ఎత్తి, రికార్డును మళ్ళీ మొదటికి తెచ్చారు.